అర్హత గల నాలుకలు

ఉత్తర్వు తన బల్ల మీదికి వచ్చేసరికి సువర్చల మిరప్పొడి వాసన చూస్తోంది. కాకినాడలోని ఆహార పానీయాల నాణ్యతా నిర్ధారణ సంస్థలో ఆమె రుచి విభాగానికి అధికారి. ఇరవై రెండేళ్ళ సర్వీసు. నెయ్యిలో వనస్పతి కలిసిందో లేదో, డబ్బా తెచ్చినవాడు మూత ఇంకా చేతిలో పట్టుకుని ఉండగానే చెప్పేస్తుంది. కాఫీ పొడిలో చింతగింజల పొడి పాళ్ళు ఆమె నోటితో చెప్పాక యంత్రంలో పెట్టి చూసేవారు. యంత్రం ఆమెతో పెద్దగా విభేదించేది కాదు.

మిరప్పొడి పొట్లం మీద "రంపపు పొట్టు" అని రాసి, ముక్కు తుడుచుకుని, ఆమె ఉత్తర్వు చదివింది.

"తక్కువ ధర విదేశీ మద్యం రుచి నిర్ధారణ నియమావళి." మొత్తం ముప్ఫై ఒక్క నియమాలు. రెండు వేల రూపాయలు దాటిన సీసాలో రుచి ఉన్నట్టే భావించవలెను. అంతకు తక్కువైన ప్రతి విదేశీ సీసాను, అమాయక ప్రజల నోటిని కాపాడే ఉద్దేశంతో, ఈ సంస్థ రుచి చూసి ధ్రువీకరించవలెను. ఇంతవరకూ ఆమెకు అర్థమైంది. ఏడో నియమం దగ్గర ఆగింది. రుచి చూచు అధికారి జీవితంలో ఏనాడూ మద్యం ముట్టనివారై ఉండవలెను. ముట్టినవారి నాలుకకు పక్షపాతం కలుగును. ఎనిమిదో నియమం: మద్యం సేవించిన క్షణం నుండి సదరు అధికారి అర్హత కోల్పోవును.

సువర్చల మద్యం ముట్టలేదు. ముట్టకూడదన్న పట్టుదలేమీ లేదు. ఎవరూ పొయ్యలేదు, అంతే.

మర్నాడు డైరెక్టరు చిదంబరరావు సమావేశం పెట్టాడు. ఆయన మంచి మనిషి. ఎవరి మీదా కేకలు వేసి ఎరగడు. ఏ కాగితాన్నయినా దాని చివరిదాకా నమ్ముతాడు, అంతకు మించి ఆయనలో లోపం లేదు.

"సార్, తాగనివాళ్ళే రుచి చూడాలంటున్నారు. రుచి చూసిన క్షణానికి తాగినవాళ్ళయిపోతారు. మరి రిపోర్టు ఎవరు రాస్తారండీ?" అని అడిగింది సువర్చల.

చిదంబరరావు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. "సమంజసమైన సందేహం. సందేహ నివృత్తి కోరుతూ పై అధికారులకు రాద్దాం."

ఆ సమయానికి టీలు తెచ్చిన కోదండం ట్రే పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఈ ఆఫీసులో అటెండరుగా చేరకముందు పద్దెనిమిదేళ్ళు ఓడల్లో ఆఫీసర్ల భోజనశాలలో పనిచేసిన మనిషి. ఏ రేవులో ఏ సీసా దొరుకుతుందో, అందులో ఏముంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు.

"ఐరిష్ విస్కీ వస్తోందంటున్నారండి. దాని సంగతి నాకు తెలుసండి. కావాలంటే నేను చెప్తానండి," అన్నాడు కోదండం.

"నువ్వు తాగుతావా?" అన్నాడు డైరెక్టరు.

"ఆదివారాలండి."

"అయితే బయటికి వెళ్ళు నాయనా. ఈ విషయంలో నీకు పరిజ్ఞానం ఉంది."

కోదండం ట్రే తీసుకుని బయటికి వెళ్ళాడు. ఆ రోజే, సీసా పెట్టబోయే గదిలోకి అతనికి ప్రవేశం లేదని తలుపు మీద కాగితం అంటించారు.

తొమ్మిది రోజులకు వివరణ వచ్చింది. అధికారి మద్యాన్ని నోట ఉంచుకొని, మింగక పూర్వమే అభిప్రాయం రాసి సంతకం చేయవలెను. అట్టి సమయమున అతడు అర్హుడే. పిమ్మట మింగి అనర్హుడు కావచ్చును. ఉమ్మివేయవచ్చునా అన్న ఉప సందేహానికి న్యాయ విభాగం విడిగా జవాబిచ్చింది. నమూనా ప్రభుత్వ ఆస్తి, దాన్ని ఉమ్మివేయడం ప్రభుత్వ ఆస్తిని పారవేయడమే, కనుక మింగుట తప్పనిసరి.

తర్వాతి సోమవారం కంపెనీ తరఫున నంబియార్ అనే పెద్దమనిషి సీసా తెచ్చాడు. ఆకుపచ్చ సీసా. చీటీ మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ బొమ్మ. ధర పద్దెనిమిది వందల యాభై.

"మూడుసార్లు బట్టీలో కాచిన ఐరిష్ విస్కీ సార్. బ్లెండెడ్. బార్లీతో చేసినదీ, వేరే ధాన్యాలతో చేసినదీ కలిపి తయారుచేస్తారు," అన్నాడు నంబియార్.

"కలిపారా?" చిదంబరరావు కలం ఆగింది. "మా సంస్థలో కలిపిన దాన్ని కల్తీ అంటాం."

"ఇది మంచి కోసం కలిపినది సార్. రుచి కుదరడానికి. ప్రపంచమంతా ఇలాగే చేస్తారు."

డైరెక్టరు చాలాసేపు ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు. చివరికి టైపిస్టును పిలిచి, "సత్కల్తీ అని నమోదు చెయ్యమ్మా," అన్నాడు.

మొదటి నాలుక భీమశంకరానిది. నెయ్యి విభాగంలో ముప్ఫై ఏళ్ళు చేసినవాడు. జీవితంలో మద్యం ముట్టలేదని స్టాంపు కాగితం మీద ప్రమాణం చేశాడు. తహసీల్దారు ఆఫీసువాళ్ళు ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళ సాక్ష్యం అడిగారు. ఇరుగువాళ్ళు వెంటనే రాసిచ్చారు. పొరుగువాళ్ళు, ఆయన్ని అంత నిశితంగా ఎప్పుడూ గమనించలేదని, వారం రోజులు గమనించి రాసిచ్చారు.

పది మిల్లీలీటర్లు కొలిచి పోశారు. భీమశంకరం నోట్లో పోసుకుని కలం తీశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెవులు ఎర్రబడ్డాయి. "ప్రథమ అనుభూతి" అన్న గడిలో "అ" అని రాశాడు. సున్నా చుట్టబోతే అది కాగితం దాటి బల్ల మీదికి పోయింది. సంతకం డైరెక్టరుగారి డైరీ మీద పడింది. గుటుక్కున మింగి, కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు.

"నివేదిక చదవడానికి వీలుగా లేదు. శంకరంగారూ, ఏమనుకోకండి, మీరు అనర్హులయ్యారు," అన్నాడు చిదంబరరావు బాధగా.

భీమశంకరం బయట బెంచీ మీద ఓ పది నిమిషాలు కూర్చుని మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చాడు. ముఖం ప్రశాంతంగా ఉంది. "సాయంత్రం ఇంకోసారి ప్రయత్నించమంటారా సార్?" అని అడిగాడు.

రెండో అధికారి "పాత దగ్గుమందు" అని రాశాడు. మూడో ఆవిడ "ఇంజెక్షనుకు ముందు రాసే దూది" అని రాసింది. నాలుగో అతను, నూనెల విభాగంలో కొత్తగా చేరినవాడు, "చాలా బాగుంది" అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. మొదటిసారి తాగినవాడికి బాగుండడం అసహజమని డైరెక్టరుకు అనుమానం వచ్చింది. అతని పూర్వ జీవితం మీద విచారణకు ఆదేశించారు.

నియమం ప్రకారం మూడు అభిప్రాయాలు ఏకీభవించాలి. ఏ రెండూ కలవలేదు. కలవడానికి, వాళ్ళలో ఎవరికీ పోల్చి చూసుకునే ఇంకో విస్కీ తెలియదు. ఒకరికి ఆస్పత్రి గుర్తొచ్చింది, ఒకరికి పెయింటు వేసిన కొత్త తలుపు, ఇంకొకరికి చనిపోయిన మేనత్త. ప్రతి అభిప్రాయానికీ ఒక మనిషి ఖర్చవుతున్నాడు. మూడు వారాల్లో పంతొమ్మిది మంది అనర్హులయ్యారు.

అప్పుడే చిదంబరరావుకు ఇంకో ధర్మసందేహం తట్టింది. ఆయనే సర్క్యులరు రాశాడు. "ఒక పానీయం విషయమై పక్షపాతం కలిగిన నాలుక, నెయ్యి విషయమై నిష్పక్షపాతంగా ఉండునని భావించుటకు తగిన ఆధారం లేనందున, అనర్హులైన సిబ్బంది ఏ పదార్థమునూ పరీక్షించరాదు." దాంతో నెయ్యి విభాగానికి తాళం పడింది. తర్వాత నూనెలు, ఆ తర్వాత పప్పులు, పాలు. అనర్హులకు వరండాలో బెంచీలు వేశారు. హాజరు ఎర్ర సిరాతో వేశారు. పని లేని మనుషులు గనక వాళ్ళు పొద్దున్నుంచీ తమ ఒక్క గుక్క గురించే మాట్లాడుకునేవారు. మాట్లాడగా మాట్లాడగా దగ్గుమందు అన్నవాడు కూడా అందులో తేనె వాసన ఉందని ఒప్పుకున్నాడు. ఏకాభిప్రాయం కుదిరింది, కానీ అర్హత పోయింది.

ఐదో వారానికి సంస్థలో మిగిలిన అర్హత గల నాలుకలు రెండే. ఒకటి సువర్చలది, రెండోది డైరెక్టరుగారిది. సువర్చల నాలుకను డైరెక్టరు తుది పరీక్షకు దాచిపెట్టాడు. అప్పటిదాకా ఆమె కారం, పులుపు తగ్గించుకోవాలనీ, వేరే నమూనాలేవీ రుచి చూడరాదనీ రాతపూర్వకంగా ఇచ్చాడు. ఇంట్లో కొత్తావకాయ కలుపుకుంటూ ఆమె ఆ కాగితం గుర్తు చేసుకునేది. ముద్ద మాత్రం ఆపేది కాదు.

తుది పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం మేరీ రత్నం వచ్చింది. ఆడపిల్లల సంక్షేమ వసతిగృహంలో వార్డెను. చేతిలో స్టీలు క్యాను.

"పదకొండుమంది పిల్లలకి కడుపునొప్పులండి. నాలుగు రోజుల్నుంచి. పాల మీదే నాకు అనుమానంగా ఉంది. మీ కౌంటర్లో అడిగితే పరీక్ష చేసేవాళ్ళు లేరంటున్నారు. వరండా నిండా మనుషులున్నారు కదండీ మరి?"

సువర్చల మూత తీసింది. రుచి చూడక్కర్లేకపోయింది. "ఇవి పిల్లలకి పొయ్యకండి," అంది.

"నోటిమాట మీద ఆపితే పాల కాంట్రాక్టరు నన్ను ఉద్యోగం చేసుకోనిస్తాడా అండి. కాగితం కావాలి."

సువర్చల క్యాను తీసుకుని డైరెక్టరు గదికి వెళ్ళింది. ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు.

"నాకూ బాధగానే ఉందమ్మా. కానీ మీ నాలుక రేపు పదకొండు గంటలకు ప్రభుత్వ అవసరం మీద ఉంది. మధ్యలో దాన్ని పాలకు వినియోగించడం కుదరదు. రేపు అయిపోయాక చూడండి."

"రేపు అయిపోయాక నేను అనర్హురాలిని కదండీ."

"అవును," చిదంబరరావు నిట్టూర్చాడు. "అప్పుడు ఎలాగూ చూడలేరు."

ఆమె క్యాను మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. ఆయన కళ్ళలో నిజంగానే జాలి ఉంది. అది చూశాకే ఆమెకు కోపం వచ్చింది. దుర్మార్గుడైతే తగాదా పెట్టుకోవచ్చు. ఈయనతో ఏం పెట్టుకోవాలో తెలియలేదు. మేరీ రత్నాన్ని రేపు మధ్యాహ్నం రమ్మని, అప్పటిదాకా పిల్లలకి గంజి కాయించమని చెప్పి పంపింది. పాలు ఫ్రిజ్‌లో పెట్టింది. తర్వాత వరండా చివర సైకిలు తుడుచుకుంటున్న కోదండం దగ్గరికి వెళ్ళింది.

"కోదండంగారూ, ఆ సీసాని ఎలా రుచి చూడాలో చెప్పండి."

కోదండం గుడ్డ పక్కన పెట్టాడు. ఈ ఐదు వారాల్లో ఎవరూ అతన్ని ఆ మాట అడగలేదు.

"ముందు వాసనండి. ముక్కు గ్లాసులోకి దూర్చెయ్యకండి, ఘాటు కొట్టేసి ఇంకేం తెలీదు. నోరు కూసింత తెరిచి, దూరం నుంచి పీల్చండి. తర్వాత రెండు చుక్కలు నీళ్ళు. మొదటి గుక్క ఉందే, అది నోటికి పరిచయం అండి. మంటే తెలుస్తాది. దాన్ని పట్టుకుని ఏదీ చెప్పకూడదు. రెండో గుక్కలో ఉంటాది అసలు సంగతి."

"రెండో గుక్క నియమంలో లేదు కదా."

"అందుకే కదండీ ఇంతమంది పాడైపోయారు," అన్నాడు కోదండం.

మర్నాడు పదకొండు గంటలకు సమావేశపు గదిలో కొలపాత్ర, గ్లాసు, నివేదిక కాగితం సిద్ధంగా ఉన్నాయి. బెంచీల మీదివాళ్ళు కిటికీల దగ్గర చేరారు. డైరెక్టరు పది మిల్లీలీటర్లు కొలిచి పోసిన గ్లాసు సువర్చల అందుకుని కోదండం చెప్పినట్టే వాసన చూసింది. రెండు చుక్కలు నీళ్ళు వేసింది.

"నీళ్ళు కలపడం కల్తీ కిందికి రాదా?" అన్నాడు డైరెక్టరు.

"సత్కల్తీ అండి."

ఆయన తలూపి రాసుకున్నాడు. సువర్చల మొదటి గుక్క తీసుకుంది. నాలుక మీద నిప్పు రాజేసినట్టయింది. కలం ముట్టలేదు. మింగేసింది.

"సువర్చలగారూ," చిదంబరరావు లేచి నిలబడ్డాడు. "రాయకుండానే మింగేశారు."

"పరిచయమైంది సార్," అంటూ ఆమె సీసా తనే అందుకుని రెండోది పోసుకుంది.

అనర్హురాలు ప్రభుత్వ నమూనాను తాగుతుంటే ఏం చెయ్యాలో ముప్ఫై ఒక్క నియమాల్లో ఎక్కడా లేదు. ఆమె కళ్ళు మూసుకుంది. ఇరవై రెండేళ్ళుగా తెలిసిన పనే. మంట పక్కకు జరిగింది. దాని వెనక ఒక్కొక్కటే రాసాగాయి. ముందు పల్చటి తేనె. వేయించిన పేలాలు. పండిన యాపిల్ తొక్క. చివర్లో గొంతు దగ్గర కాస్త మిరియం, కాస్త కొత్త చెక్క. ఎక్కువసేపు నిలవలేదు, మర్యాదగా వెళ్ళిపోయింది. ఆమెకు కొంచెం ఆశ్చర్యం వేసింది, కొంచెం సరదా కూడా వేసింది. కలం తీసుకుని ఆపకుండా రాసింది.

"తేలికైన సరుకు. తేనె, వేయించిన ధాన్యం, పండు తొక్క, చివర మిరియం. లోతు లేదు. రుచి త్వరగా తెగిపోతుంది. అయినా కలిపినవాడికి పని తెలుసు. ధాన్యపు విస్కీ పల్చదనం బార్లీ రుచిని కప్పెయ్యకుండా మోస్తోంది. గొప్పది కాదు. ఇంత ధరకు గొప్పదని చెప్పుకోవడమూ లేదు. తాగేవాణ్ణి మోసం చేయదు. అమ్ముకోనివ్వవచ్చు."

సంతకం కింద ఇంకో వాక్యం చేర్చింది. "ఇది రాసే సమయానికి నేను అనర్హురాలిని. ఈ సీసాకు రెండో గుక్క ఇచ్చినదాన్ని నేనొక్కదాన్నే కనుక దీన్ని నమ్మవచ్చు."

కాగితం డైరెక్టరు ముందు పెట్టి, ఆయన చదివేలోగా, తాళాల గుత్తి తీసుకుని పాల విభాగానికి నడిచింది. భీమశంకరం వెనకే వచ్చాడు. ఆయన వెనక ఇంకా తొమ్మిదిమంది. ఎవరూ ఎవరినీ పిలవలేదు. చేతులు కడుక్కుని ఎవరి బల్ల దగ్గరికి వాళ్ళు వెళ్ళారు. పాలను కుదిపితే సబ్బునురగ లేచింది. అయోడిన్ చుక్క వెయ్యగానే నీలం తిరిగింది. బట్టలుతికే పొడి, గంజి పిండి. మూడు గంటలకల్లా మేరీ రత్నం చేతిలో నివేదిక ఉంది. కింద పదకొండు సంతకాలు, అన్నీ ఎర్ర సిరాతో.

"ఈ ఎర్ర సిరా ఏంటండీ?" అంది ఆవిడ.

"అనర్హులు రాశారని గుర్తు."

"పాలు మంచివా, కావా?"

"కావు."

"అది చాలండి," అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ సాయంత్రమే పాలు ఆపించింది. నాలుగు రోజుల్లో పిల్లలు లేచి తిరిగారు. కాంట్రాక్టరు ఫిర్యాదు చేశాడు గానీ, అతని సొంత పాలు అతనిచేతే అందరి ముందూ తాగించాలని పిల్లల తల్లిదండ్రులు వచ్చి కూర్చునేసరికి ఊళ్ళో కనిపించలేదు.

చిదంబరరావు రెండు నివేదికలూ చెల్లవని రాశాడు. సువర్చలకు ఛార్జి మెమో సిద్ధం చేశాడు. తర్వాత, ఇక మిగిలిన నాలుక తనదే గనక, బాధ్యత నుంచి తప్పుకునే మనిషి కాదు గనక, తనే రుచి చూడడానికి కూర్చున్నాడు. మెమో అందుకోవడానికి పిలిపించిన సువర్చల ఎదురుగా నిలబడి ఉంది. ఆయన పది మిల్లీలీటర్లు నోట్లో పోసుకున్నాడు. కలం తెరిచాడు. అప్పుడు బల్ల మీద ఫోను మోగింది. అటువైపు సచివాలయం నుంచి పెద్ద అధికారి. చిదంబరరావు బుగ్గలు ఉబ్బించుకునే ఫోను తీసి చెవికి దూరంగా పట్టుకున్నాడు. మాటలు సువర్చలకు కూడా వినిపించాయి.

"చిదంబరరావుగారేనా?"

"మ్మ్."

"ఆ కొంగ సీసా ఫైలు మూసేయండి. మీ దగ్గర తేలేలా లేదని కంపెనీవాళ్ళు ధర రెండు వేల యాభై చేశారు. అందులో రుచి ఉన్నట్టే. ఇక మీరెవరూ రుచి చూడనక్కర్లేదు. వింటున్నారా?"

ఉమ్మడానికి వీల్లేదు. రాయడానికి ఫైలు లేదు. చిదంబరరావు సువర్చల వైపు చూశాడు. ఆమె నెమ్మదిగా తల ఊపింది. ఆయన మింగాడు.

కాసేపటికి "తేనె," అన్నాడు చిన్నగా.

"రెండో దాంట్లో ఇంకా బాగా తెలుస్తుంది సార్," అంది సువర్చల.

నెల తిరక్కుండా ప్రభుత్వం సంస్థ స్థితిని సమీక్షించింది. డైరెక్టరుతో సహా సిబ్బందిలో ఒక్కరికీ అర్హత లేదని తేలింది. అనర్హులతో పరీక్షా సంస్థ నడపలేరు. అదే సమయానికి జిల్లాకు మద్య విమోచన కేంద్రం మంజూరై, భవనం లేక, రోగులు దొరక్క ఆగిపోయి ఉంది. భవనం, రోగులు ఒకేచోట ఉన్నందుకు పై అధికారులు సంతోషం వెలిబుచ్చారు. బోర్డు మార్చారు. సిబ్బందినంతా జీతాలతో సహా అందులో చేర్చుకున్నారు. పాలు, నెయ్యి నమూనాలు ఇక వేరే ఊరు పంపాలన్నారు. జనం మాత్రం రోగుల్ని చూసే వేళల్లో డబ్బాలు పట్టుకుని వస్తున్నారు. మేరీ రత్నం శుక్రవారాలు వస్తుంది.

చేరిన మొదటి రోజు కౌన్సిలరు ఒక్కొక్కరినీ పిలిచి వివరాలు రాసుకున్నాడు. రాజమండ్రి నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు, ఉత్సాహవంతుడు. సువర్చలను కూర్చోమని ఫారం తీశాడు.

"భయపడకుండా చెప్పండమ్మా. తాగడానికి కారణం ఏంటి? ఇంట్లో గొడవలా? మనోవ్యథా? ఒంటరితనమా?"

"ప్రభుత్వ ఉత్తర్వు అండి."

అతను ఫారమంతా వెతికాడు. అలాంటి గడి కనిపించలేదు.

"పోనీ, మొట్టమొదట మీకు పోసిందెవరు?"

"మా డైరెక్టరుగారు. పది మిల్లీలీటర్లు, కొలిచి పోశారు."

"ఆయన ఎక్కడుంటారు?"

సువర్చల తలుపు వైపు చూపించింది. వరసలో తన తర్వాత, చేతిలో అదే ఫారం పట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుంటూ చిదంబరరావు కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి మర్యాదగా కొంచెం లేచాడు.

కౌన్సిలరు ఆయన్ని చూశాడు, ఆమెను చూశాడు, కారణం దగ్గర "చెడు సావాసం" అని రాసుకుని, తర్వాతి వారిని రమ్మన్నాడు.